రాలిన ఆకు తొడిమ మీది చిన్న కప్పు: ఒక కొత్త శిలీంధ్ర జాతిని వర్ణించిన కేసు

ముందే చెప్పేస్తాను, ఈ జాతికి మేము పెట్టిన పేరు ఇందులో ఎక్కడా రాయడం లేదు. పేపరు అంగీకారం అయింది కానీ ఇంకా బయటికి రాలేదు. పద్ధతి ప్రకారం ప్రచురణ కాకముందే పేరు బయటపడితే ఎవరో ఒకరు దాన్ని తమ లిస్టులో ఎక్కించుకుంటారు, ఇంకొకరు ఏదో ఫొటో కింద రాసుకుంటారు, ఇక వర్ణనా లేకుండా, పేరు దేనిదో చూపించడానికి దాచే టైపు నమూనా కూడా లేకుండా ఆ పేరు ఊరికే తిరుగుతూ ఉంటుంది. శిలీంధ్రాల్లో అలాంటి దిక్కులేని పేర్లు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. కాబట్టి చిన్న కప్పులా కనిపించే ఈ శిలీంధ్రాన్ని ఇక్కడ ‘మన కప్పు’ అనే అంటాను.

ప్రజాతి హైమెనోస్కైఫస్. రాలి నేల మీద కుళ్లుతున్న ఓక్ ఆకుల తొడిమల మీద, మధ్య ఈనెల మీద వస్తుంది. కప్పు వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, కింద సన్నటి కాడ, తాజాగా ఉన్నప్పుడు మీగడ రంగు, ఎండితే పసుపుకి తిరుగుతుంది. లెన్సు పెట్టి చూసినా ఇంతకు మించి ఏమీ కనిపించదు. తడి అడవిలో వానల తర్వాత ఆకులు తిరగేస్తే ఇలాంటి తెల్లటి, మీగడ రంగు కప్పులు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, అందుకే వీటిని చూసి కొత్త జాతి అని ఎగిరి గంతేసేవాళ్లు ఎవరూ ఉండరు. మాకూ అప్పుడు అలాంటిదేమీ అనిపించలేదు.

అసలు శిలీంధ్రాల్లో కొత్త జాతి దొరకడం పెద్ద వార్త కాదు. ఇప్పటిదాకా పేరు పెట్టినవి సుమారు లక్షన్నర. మొత్తం ఎన్ని ఉంటాయన్న దానికి 2017లో శాస్త్రవేత్తలు హాక్స్‌వర్త్, లుకింగ్ ఇచ్చిన అంచనా 22 నుంచి 38 లక్షలు. ఏటా రెండు వేలకు పైగా కొత్త పేర్లు వస్తూనే ఉన్నాయి. అంటే మీ కాలి కింద ఉన్న ఆకు చెత్తలో పేరు లేనిది ఉండే అవకాశం బాగానే ఉంది. తలనొప్పంతా రెండో సగంలో ఉంది: రెండు వందల ఏళ్లకు పైగా జనం పెట్టుకుంటూ వచ్చిన పేర్లలో ఏదీ దీనిది కాదని చూపించాలి. ఈ కేసులో మా సమయంలో ఎక్కువ భాగం దానికే పోయింది, ఈ రాతలో కూడా ఎక్కువ భాగం దానికే పోతుంది.

బతికుండగా చూడాలి

చిన్న కప్పుల్ని సేకరించేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో కుక్కడం అంత చెడ్డ పని ఇంకొకటి లేదు. ఆవిరి పట్టి, బూజు ఎక్కి, మర్నాటికి పనికిరాకుండా పోతాయి. గదులున్న చిన్న డబ్బా, ఒక్కో గదిలో కాస్త తడి నాచో తడి కాగితమో, అంతే. ల్యాబ్‌కి వచ్చాక ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీల దగ్గర పెడితే కొన్ని రోజులు హాయిగా బతుకుతాయి.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఈ గుంపులో జాతుల్ని విడదీసే లక్షణాల్లో సగం, కణం చచ్చిపోగానే మాయమైపోతాయి. 1992లో శిలీంధ్ర శాస్త్రవేత్త హాన్స్-ఓట్టో బరాల్ ఈ విషయం మీద పెద్ద వ్యాసమే రాశారు, బతికిన కణాలకీ హెర్బేరియంలో, అంటే నమూనాలు ఎండబెట్టి దాచే చోట, ఎండిన కణాలకీ మధ్య తేడాలేంటి, వాటి వల్ల వర్గీకరణలో ఏం మారుతుంది అని. అప్పటిదాకా ఎండిన నమూనాని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉబ్బించి కొలవడమే మామూలు పద్ధతి. అలా చేస్తే సిద్ధబీజాల్లోని నూనె బొట్లు కలిసిపోతాయి, ఆ బీజాలు తయారయ్యే సన్నటి సంచులు, అంటే తిత్తులు, కుంచించుకుపోతాయి, తిత్తుల మధ్య ఉండే సన్నటి పోగుల్లో, వాటినే పరాఫైసిస్ అంటాం, మెరిసే రిక్తికలు, అంటే ద్రవం నిండిన బుడగలు, జాడ లేకుండా పోతాయి. అందుకే కొందరు ఇప్పటికీ ఎండినదాన్ని మాత్రమే చూసి కొత్త జాతి రాసేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. వేరే దారి లేనప్పుడు సరే, పొద్దున్నే తెచ్చిన తాజా కప్పు చేతిలో ఉండగా ఎందుకు?

మన కప్పుని చూసిన తీరు ఇది. తొడిమ మీంచి ఒక కప్పుని సూదితో లేపి, బ్లేడుతో నిలువుగా వీలైనంత పలచగా కోసి, మామూలు కుళాయి నీళ్లలో పెట్టి పైన కవర్‌స్లిప్ వేస్తాం. రంగు వద్దు, మందు వద్దు. బతికిన తిత్తుల్లో పండినవి పక్కవాటికంటే పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, లోపల ఎనిమిది సిద్ధబీజాలూ పైభాగంలోనే గుమిగూడి ఉంటాయి. చూస్తుండగానే ఒక తిత్తి కొన తెరుచుకుంటుంది, బీజాలు ఒకదాని వెనక ఒకటి బయటికి దూసుకొస్తాయి, తిత్తి అక్కడికక్కడే పొట్టిదైపోతుంది. కొలవాల్సింది అలా బయటికొచ్చిన బీజాల్నే. తిత్తి లోపల ఉన్నవి పండాయో లేదో నమ్మకంగా చెప్పలేం. ఇంకా మంచి పద్ధతి, కప్పుకి కొంచెం పైన కవర్‌స్లిప్ ఉంచి కాసేపు వదిలేస్తే బీజాలు దానికే వచ్చి అంటుకుంటాయి, దాన్ని తిప్పి స్లైడు మీద పెట్టుకోవడమే. కనీసం 30, వీలైతే 50 కొలవాలి, అదీ ఒకే కప్పువి కాకుండా వేర్వేరు కప్పులవి.

మన కప్పు బీజాలు ఎక్కువ భాగం 15 నుంచి 19 మైక్రాన్ల పొడవు, 3.5 నుంచి 4.5 వెడల్పు. పై కొన గుండ్రంగా ఉండి ఓ పక్కకి కాస్త ముక్కులా వంగి ఉంటుంది, కింది కొన సన్నబడుతుంది. ఈ ఆకారం హైమెనోస్కైఫస్‌లో చాలా జాతులకి ఉన్నదే. కొన్ని జాతుల్లో రెండు కొనలకీ సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, దీనికి లేవు. పరాఫైసిస్‌లో మెరిసే రిక్తికలు కొన దాకా నిండుగా ఉన్నాయి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క తగలగానే పోయాయి.

మందులు వాడే వరస కూడా ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత లూగాల్ అయొడిన్, ఆ తర్వాతే పొటాషియం హైడ్రాక్సైడ్, మళ్లీ లూగాల్. తిత్తి కొనలో ఉండే చిన్న ఉంగరం అయొడిన్‌కి నీలంగా మారుతుందా, ఎర్రగా మారుతుందా, ఏమీ మారదా అన్నది కప్పు శిలీంధ్రాల్లో చాలా పెద్ద ఆధారం. చాలామంది చేతికి అలవాటైన మెల్జర్ అనే అయొడిన్ ద్రావణంలో క్లోరల్ హైడ్రేట్ ఉంటుంది, దానివల్ల ఎరుపు ప్రతిచర్య దాగిపోయి ‘ఏమీ లేదు’ అని రాసేసే ప్రమాదం ఉంది. పాత వర్ణనల్లో ‘అయొడిన్‌కి ప్రతిచర్య లేదు’ అని కనిపిస్తే ఏ మందు వాడారో చూడకుండా నమ్మకండి. మన కప్పుకి మాత్రం ఏ మందులోనైనా నీలమే వచ్చింది, ఆ విషయంలో గొడవ లేదు.

తిత్తి అడుగున ఏముంది

కేసు మలుపు తిరిగింది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

తిత్తి పుట్టేటప్పుడు దాన్ని పుట్టించే పోగు కొన చాలా జాతుల్లో చేతికర్ర పిడిలా వెనక్కి వంగుతుంది. దాన్నే క్రోజియర్ అంటారు. తిత్తి పెద్దదయ్యాక కూడా అడుగున ఆ వంపు గుర్తు మిగులుతుంది, జాగ్రత్తగా చూస్తే చిన్న కన్నంలా కనిపిస్తుంది, లేదా తిత్తికి రెండు కాళ్లు ఉన్నట్టు ఉంటుంది. కొన్ని జాతుల్లో ఆ వంపే ఉండదు, తిత్తి తిన్నగా మామూలు అడ్డుగోడ మీంచి లేస్తుంది. దీన్ని చూడాలంటే కోతని కాంగో రెడ్ అనే రంగులో ఉంచి, కవర్‌స్లిప్ మీద సూది వెనక భాగంతో మెల్లగా తట్టి, తిత్తులు విడివిడిగా దొర్లేలా చేసి, ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఒక్కో తిత్తి అడుగునీ పట్టి చూడాలి. విసుగు పుట్టే పని. ఒకటి రెండు చూసి వదిలేస్తే కుదరదు, వంపు ఉన్నా మనకి కనిపించే కోణంలో ఉండకపోవచ్చు.

ఈ చిన్న గుర్తుకి ఎంత విలువుందో హైమెనోస్కైఫస్‌తో పనిచేసేవాళ్లందరికీ తెలుసు, యూరప్‌లో యాష్ అనే చెట్ల చావు కథ వల్ల. 1990ల మొదట్లో పోలండ్‌లో యాష్ చెట్లు ఎండిపోవడం మొదలైంది. కారణమైన శిలీంధ్రానికి 2006లో కలారా ఫ్రాక్సినియా అని పేరు పెట్టారు, అది కప్పు లేని అలైంగిక దశ మాత్రమే. దాని కప్పు దశ ఏదని వెతికితే, యూరప్‌లో 19వ శతాబ్దం నుంచీ తెలిసిన, చెట్టుకి ఏ హానీ చెయ్యని హైమెనోస్కైఫస్ ఆల్బిడస్ అనే చిన్న తెల్ల కప్పే అని 2009లో అనుకున్నారు. ఇన్నేళ్లు ఊరుకున్నది ఇప్పుడు చెట్లెందుకు చంపుతోంది? డీఎన్‌ఏ చూశాక తేలిందేంటంటే, ఇవి రెండు జాతులు, చూడటానికి ఒకటే. చంపుతున్నది తూర్పు ఆసియా నుంచి వచ్చింది. 2014లో దానికి హైమెనోస్కైఫస్ ఫ్రాక్సినియస్ అన్న పేరు స్థిరపడింది. ఈ రెంటినీ మైక్రోస్కోపులో విడదీసే నమ్మకమైన గుర్తు ఇదే: ఫ్రాక్సినియస్ తిత్తుల అడుగున క్రోజియర్ ఉంటుంది, ఆల్బిడస్‌కి ఉండదు. లక్షల చెట్ల ప్రాణం తీసినదానికీ పాపం ఏమీ ఎరగనిదానికీ కంటికి దొరికే తేడా అంత చిన్నది.

ఇక మన కప్పు. ఒక ట్రేలో ఓక్ ఆకులు పరిచి చూస్తుంటే మా విద్యార్థిని అడిగింది, “మేడం, ఈ తొడిమ మీదివీ ఆ ఈనె మీదివీ ఒకటేనా? ఇక్కడ క్రోజియర్ ఉంది, అక్కడ నాకు కనపడట్లేదు.” నేను చూసినా అదే. ఒకే ట్రే, ఒకే చెట్టు ఆకులు, బయటికి ఒకేలా ఉన్న కప్పులు, కానీ రెండు రకాలు. క్రోజియర్ ఉన్నవాటి బీజాలకి కొనల్లో సన్నటి వెంట్రుకలు కూడా ఉన్నాయి, అవి మామూలుగా ఆకుల మీద దొరికే జాతికి చెందినవి. క్రోజియర్ లేనివాటి బీజాలు నున్నగా, కాస్త లావుగా ఉన్నాయి. అదే మన కప్పు.

అక్కణ్నుంచి ఒక్కో తొడిమకీ ఒక్కో ప్యాకెట్. ఇది చాదస్తం కాదు. టైపు నమూనాలో రెండు జాతులు కలిసిపోతే, ఆ పేరు దేనిదన్న గొడవ మనం పోయాక కూడా మిగులుతుంది. పాత హెర్బేరియం ప్యాకెట్లలో ఇలాంటి కలగాపులగం ఎంత ఉందో తెరిచి చూసినవాళ్లకే తెలుస్తుంది.

వేర్వేరు సీజన్లలో, ఒకదానికొకటి దూరంగా ఉన్న చోట్ల మళ్లీ మళ్లీ అదే దొరికే వరకు రాయడం మొదలుపెట్టలేదు. ఒక్క సేకరణతో కొత్త జాతి ప్రకటించేయడం పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమాల ప్రకారం తప్పేమీ కాదు, చాలామంది చేస్తారు, కొన్నిసార్లు అదొక్కటే దొరుకుతుంది కూడా. అయినా బీజాల కొలతలు ఎంతవరకు మారతాయి, రంగు ఎంతవరకు మారుతుంది అన్నది ఒక్క తొడిమ చెప్పలేదు.

డీఎన్‌ఏ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

మిల్లీమీటరు కప్పులోంచి నేరుగా డీఎన్‌ఏ తీస్తే దానితో పాటు ఈస్టులు, బూజులు, తొడిమలో ఉన్న ఇంకో పది శిలీంధ్రాలు కూడా రావచ్చు. అందుకే కల్చర్ చేశాం, అంటే డిష్‌లో దాన్ని విడిగా పెంచాం. పద్ధతి పాతదే: కప్పుని చిన్న తొడిమ ముక్కతో సహా పెట్రీ డిష్ మూతకి లోపలి వైపు కాస్త వాజ్‌లీన్‌తో అంటిస్తాం, కింద అగార్ అనే పోషక జెల్లీ ఉంటుంది, బీజాలు రాత్రికి రాత్రి కిందికి చిమ్ముకుంటాయి. తెల్లారి మైక్రోస్కోపు కింద మొలకెత్తుతున్న బీజాన్ని చూసుకుని, చుట్టూ ఉన్న అగార్ ముక్కతో కోసి వేరే డిష్‌లోకి మార్చడమే. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పక్కన ఏ పెన్సిలియమో పడిందంటే అంతే సంగతులు.

2012 నుంచి శిలీంధ్రాల జాతుల్ని గుర్తుపట్టే అధికారిక బార్‌కోడు ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం. ఐటీఎస్1ఎఫ్, ఐటీఎస్4 ప్రైమర్లతో, అంటే ఆ భాగాన్ని పట్టి కాపీ తీసే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో, అది తేలిగ్గానే వచ్చింది. బ్లాస్ట్ చేస్తే, అంటే పబ్లిక్ డేటాబేసులో దాన్ని పోలినవాటిని వెతికితే, పైన వచ్చినవి రెండు రకాలు. ఒకటి ఆకు చెత్తలోంచి నేరుగా తీసిన, పేరు లేని సీక్వెన్సులు. రెండోది ఒక పాత యూరప్ జాతి పేరు పెట్టుకున్న సీక్వెన్సు, దాని వెనక నమూనా ఉందో లేదో కూడా తెలియదు. ఇలాంటి చోట పేరు చూసి మోసపోకూడదు. 2006లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం పబ్లిక్ డేటాబేసుల్లో శిలీంధ్ర సీక్వెన్సుల్లో దాదాపు 20 శాతానికి తప్పు పేర్లు ఉండవచ్చు. ఆ తర్వాత పరిస్థితి కొంత బాగుపడి ఉంటుంది, కానీ చిన్న కప్పుల విషయంలో నాకు పెద్ద నమ్మకం లేదు.

‘97 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే కొత్త జాతి’ అనే లెక్క ఒకటి జనంలో బాగా పాతుకుపోయింది. అది ఒక మోటు కొలత. కొన్ని ప్రజాతుల్లో స్పష్టంగా వేరైన రెండు జాతుల మధ్య ఐటీఎస్‌లో చాలా కొద్ది తేడాలే ఉంటాయి, ఇంకొన్నిచోట్ల ఒకే జాతి లోపల బోలెడు తేడా ఉంటుంది. కాబట్టి ఐటీఎస్‌తో పాటు ఎల్ఎస్‌యూ, ఆర్‌పీబీ2 అనే ఇంకో రెండు డీఎన్‌ఏ భాగాలు కూడా చేశాం. ఏ జన్యువుతో వంశవృక్షం గీసినా మన కప్పు సేకరణలన్నీ ఒకే కొమ్మలో, ట్రేలో పక్కనే ఉన్న ఆ రెండో జాతి వేరే కొమ్మలో పడ్డాయి. వేర్వేరు జన్యువులు ఒకే గీత దగ్గర విడదీస్తే అప్పుడు జాతి అనడానికి ధైర్యం వస్తుంది. క్రోజియర్ లేకపోవడం కూడా సరిగ్గా ఆ గీత దగ్గరే పడింది.

సరే, ఇంతకీ డీఎన్‌ఏ చెప్పనిది ఏమిటంటే, ఇది ‘కొత్తది’ అని. డేటాబేసులో లేదు అని మాత్రమే చెప్పింది. 1870లో ఎవరో పేరు పెట్టిన కప్పుకి సీక్వెన్సు ఎక్కణ్నుంచి వస్తుంది?

పాత పేర్ల వేట

హైమెనోస్కైఫస్‌లో ఇప్పుడున్న జాతుల్లో చాలా వాటిని ఒకప్పుడు హెలోషియం కింద పెట్టేవారు, అంతకు ముందు పెజైజా కింద. కాబట్టి హైమెనోస్కైఫస్ పేర్లు మాత్రమే వెతికితే పని సగమే అయినట్టు. 19వ శతాబ్దపు స్వీడన్ శాస్త్రవేత్త ఫ్రీస్ రాసినవి మొదలుకుని, ఇటలీ శాస్త్రవేత్త సక్కార్డో ‘సిల్లోజె ఫంగోరమ్’ ఎనిమిదో సంపుటం, అంటే 1889లో వచ్చిన కప్పు శిలీంధ్రాల సంపుటం దాకా, ఆ పైన 20వ శతాబ్దపు సవరణలు, ఓక్ కుటుంబం చెట్ల ఆకుల మీద తెల్లటి, మీగడ రంగు, కాడ ఉన్న కప్పు అని ఎవరు రాసినా ఆ పేరు మా పట్టికలోకి ఎక్కింది. పట్టికలో ప్రతి పేరు పక్కనా మేము అడిగింది ఒకటే, దీన్ని తీసెయ్యడానికి గట్టి కారణం ఉందా?

పాత వర్ణనలు రెండు మూడు లైన్లు ఉంటాయి. లాటిన్‌లో రంగు, ఆకారం, ఎక్కడ పెరుగుతుందో, అదృష్టం ఉంటే బీజాల కొలత. ఆ కొలత కూడా చచ్చిన బీజాలదో, ముదిరిపోయిన బీజాలదో తెలియదు. ఉదాహరణకి ‘బీజం రెండు గదులది’ అని రాసి ఉందనుకోండి. మన కప్పు బీజానికి ఒకే గది, కాబట్టి ఇది వేరు అని సంబరపడిపోవచ్చు. కానీ హైమెనోస్కైఫస్‌లో బీజాలు తిత్తి దాటి ముదిరాక అడ్డుగోడ వేసుకుంటాయి. ఆ పాతాయన చూసింది ముదిరినవైతే? కాబట్టి ఆ ఒక్క కారణంతో ఏ పేరునీ తియ్యలేదు.

శిలీంధ్రం పెరిగే చెట్టు, అంటే ఆతిథేయి సంగతీ అంతే. ‘బీచ్ ఆకుల మీద’ అని రాసినంత మాత్రాన అది ఓక్ మీద రాదని కాదు. పైగా కుళ్లిపోయిన తొడిమ ఏ చెట్టుదో గుర్తుపట్టడం అంత తేలిక కాదు, ఆకు భాగం పోయాక తొడిమని అడ్డంగా కోసి లోపలి నాళాల అమరిక చూసి, ఆకు ఇంకా అంటుకుని ఉన్న తొడిమలతో పోల్చుకోవాల్సి వస్తుంది. మేము అదే చేశాం. పాతవాళ్లు చేశారని ఎలా అనుకుంటాం?

చివరికి మిగిలిన కొద్ది పేర్లకి టైపు నమూనాలు చూడక తప్పలేదు. ఇక్కడ ఇంకో చిక్కు. టైపు చూపించాలన్న నియమం 1958 జనవరి 1 నుంచే. అంతకు ముందు పేర్లకి చాలా వాటికి ‘ఇదే టైపు’ అని ఎవరూ చెప్పలేదు, రచయిత చేతిలో ఉన్న అసలు నమూనాలేవో హెర్బేరియంలలో వెతుక్కోవాలి. హెర్బేరియంలు చాలావరకు సహకరించాయి. ఒకచోట నమూనా పంపలేమన్నారు కానీ మంచి ఫొటోలు తీసి పంపారు, ఇంకోచోట కప్పులోంచి చిన్న ముక్క తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. నూట యాభై ఏళ్ల నాటి మిల్లీమీటరు కప్పులోంచి ముక్క తియ్యడమంటే మామూలు టెన్షన్ కాదు. తీసిన ముక్క మీద ఒకే ఒక్క అవకాశం, అది ఎగిరిపోతే ఇక లేదు, అందుకే ఫ్యాను ఆపేసి, మాస్కు పెట్టుకుని, స్లైడు మీద ముందే చుక్క వేసి పెట్టుకుని అప్పుడు ప్యాకెట్ తెరుస్తాం.

బతికిన లక్షణాలన్నీ పోయినా ఎండిన నమూనాలో మిగిలేవి కొన్ని ఉంటాయి. క్రోజియర్ వాటిలో ఒకటి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉబ్బించి కాంగో రెడ్ వేస్తే నూరేళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది. మన కప్పుకి అన్నిటికంటే దగ్గరగా అనిపించిన పాత పేరు నమూనాలో తిత్తుల అడుగున క్రోజియర్లు స్పష్టంగా ఉన్నాయి. ఆ పేరు అలా పోయింది. ఇంకోదాని కప్పులు మన కప్పులాగే క్రోజియర్ లేనివి, కానీ బీజాలు బాగా చిన్నవి, ఎండి కుంచించుకుపోయాయని సరిపెట్టుకున్నా అంత తేడా రాదు. దీన్ని నిర్ధారించుకోవడానికి మన కప్పునే ఎండబెట్టి, అదే పద్ధతిలో ఉబ్బించి కొలిచాం. ఎండినదాన్ని ఎండినదాంతోనే పోల్చాలి, తాజాదాంతో పోల్చి తేడా ఉందనడం అన్యాయం.

ఒక పేరు మాత్రం మమ్మల్ని బాగా ఏడిపించింది. ప్యాకెట్ ఉంది, మీద రాత ఉంది, లోపల ఆకు ముక్కలున్నాయి, కప్పు ఒక్కటీ లేదు. అంతకు ముందు చూసినవాళ్లు వాడేశారో రాలిపోయాయో తెలియదు. మిగిలింది రెండు లైన్ల వర్ణన, అందులో కప్పు రంగు గోధుమ అని, కాడ అడుగున నల్లగా ఉంటుందని ఉంది. మన కప్పు ఏ దశలోనూ, ఎండినా సరే, అలా మారలేదు. ఈ ఆధారం చాలని మేము అనుకున్నాం. అందరూ అనుకుంటారని కాదు, అందుకే పేపర్లో ఆ పేరు, ఖాళీ ప్యాకెట్, మా వాదన అన్నీ దాచకుండా రాశాం. రేపు ఎవరికైనా ఆ పాత జాతి మళ్లీ దొరికి, రెండూ ఒకటే అని తేలితే పాత పేరే నిలుస్తుంది, మాది పోతుంది. నియమం అదే, దాంట్లో బాధపడాల్సిందేమీ లేదు.

కాగితం పని

ఇది చప్పగా ఉంటుంది కాబట్టి త్వరగా కానిచ్చేస్తాను, కానీ ఇందులో ఒక్క ముక్క తప్పినా పేరు చెల్లదు. 2012 జనవరి 1 నుంచి వర్ణన లాటిన్‌లోనే కాదు, ఇంగ్లీషులో కూడా ఉండవచ్చు, ఆన్‌లైన్ పీడీఎఫ్ ప్రచురణ కూడా చెల్లుతుంది, ఐఎస్ఎస్ఎన్ గానీ ఐఎస్‌బీఎన్ గానీ ఉంటే. 2013 జనవరి 1 నుంచి ప్రతి కొత్త శిలీంధ్ర పేరుకీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మైకోబ్యాంక్, ఇండెక్స్ ఫంగోరమ్, ఫంగల్ నేమ్స్ ఈ మూడు పేర్ల రిజిస్ట్రీల్లో ఎక్కడైనా తీసుకోవచ్చు, ఆ నంబరు పేపర్లో అచ్చవ్వాలి. టైపు అన్న మాట స్పష్టంగా రాసి, అది ఏ హెర్బేరియంలో ఉందో చెప్పాలి. బతికున్న కల్చర్ టైపు కాకూడదు, దాన్ని నిద్రాణ స్థితిలో భద్రపరిచామని రాస్తేనే చెల్లుతుంది. మేము కల్చర్ జోలికి పోకుండా ఎండబెట్టిన తొడిమనే టైపు చేశాం, దాని మీది కప్పులన్నీ ఒకే జాతివని చూసుకున్నాక. సీక్వెన్సునే టైపుగా ఒప్పుకోవాలన్న ప్రతిపాదనని 2018లో శాన్ హువాన్‌లో జరిగిన అంతర్జాతీయ శిలీంధ్ర శాస్త్ర కాంగ్రెస్ తోసిపుచ్చింది. నా మటుకు నాకు అదే నచ్చింది. తర్వాతివాళ్లు మళ్లీ తీసి చూడటానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

నమూనా దేశం దాటి వెళ్లాలంటే సేకరణ అనుమతులు, జీవ వనరుల వాడకం, లాభాల పంపకం మీద ఉన్న నగోయా ఒప్పందం కింద కావలసిన కాగితాలు ముందే చూసుకోండి. ఆ ఒప్పందం 2014 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. జర్నళ్లు ఇప్పుడు దీని గురించి అడుగుతున్నాయి.

పేరు ఎంపికలో ఒకే ఒక్క సాంకేతిక విషయం: హైమెనోస్కైఫస్ పుంలింగం, కాబట్టి విశేషణం పెడితే దాని చివర కూడా పుంలింగానికి తగ్గట్టు ఉండాలి. శిలీంధ్రాలన్నీ తెలిసినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, తర్వాత ఎవరో సరిచేస్తారు.

రివ్యూలో రెండు అడిగారు. ఒకటి, ఫొటోలు చాలవు, గీసిన బొమ్మ కావాలని. నాకు మొదట విసుగొచ్చింది కానీ ఆయన అడిగిందాంట్లో న్యాయముంది. ఫొటోలో ఒకే లోతు ఫోకస్‌లో ఉంటుంది, తిత్తి అడుగు, బీజం ముక్కు, రిక్తికలు అన్నీ ఒకేసారి చూపించాలంటే గీత తప్పదు. రెండోది, అలైంగిక దశ ఉందా అని. కల్చర్‌లో ఇప్పటిదాకా ఏమీ కనిపించలేదని రాశాం.

ఇంకా తేలనివి

ఈ శిలీంధ్రం ఆకు రాలాకే దాంట్లోకి వస్తుందా, పచ్చగా ఉన్నప్పుడే లోపల చేరి కూర్చుంటుందా అన్నది పెద్ద ప్రశ్న. దీనికోసం పైకి ఆరోగ్యంగా ఉన్న పచ్చి ఆకుల తొడిమల్ని ఉపరితలం శుభ్రం చేసి, ముక్కలు కోసి అగార్ మీద పెట్టాం. కొన్ని నెమ్మదిగా పెరిగే తెల్లటి కల్చర్లు వచ్చాయి, వాటి ఐటీఎస్ చేయాల్సి ఉంది. వాటిలో మన కప్పు లేకపోయినంత మాత్రాన ‘పచ్చి ఆకులో ఉండదు’ అని రాయలేం, వేగంగా పెరిగేవి దాన్ని తొక్కేసి ఉండొచ్చు.

ఓక్ కాక ఇంకే చెట్టు తొడిమల మీదైనా వస్తుందా అనేది కూడా తెలియాలి. ఆకు చెత్త తిరగేసే అలవాటున్నవాళ్లెవరికైనా మీగడ రంగు, 2 మిల్లీమీటర్ల లోపు, కాడ ఉన్న కప్పు దొరికితే ముందు నీళ్లలో చూడండి, తర్వాత లూగాల్, ఆ తర్వాత తిత్తుల అడుగు. క్రోజియర్ కనపడకపోతే తొడిమని ఆకుతో సహా గాలి ఆడే చోట 40 డిగ్రీలు దాటకుండా ఎండబెట్టి, ఒక్కో తొడిమ ఒక్కో ప్యాకెట్లో, తేదీ, చెట్టు పేరు, సేకరించిన చోటు, తాజాగా ఉన్నప్పటి రంగు రాసి, మీకు దగ్గర్లో ఉన్న హెర్బేరియంకి ఇవ్వండి. మైక్రోస్కోపు ఫొటో తియ్యగలిగితే తిత్తి కొన కంటే అడుగు భాగాన్నే ఎక్కువ తియ్యండి.